అరవై అయిదు లీటర్ల ట్రెక్కింగ్ బ్యాగు గారికి

మహారాజశ్రీ ట్రెక్కింగ్ బ్యాగు గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ, కుశలం తమరికే. నా భుజాలకు లేదు.

షాపులో గోడకు వేలాడుతున్నప్పుడు చూడాలి తమరి వైభవం! కుర్రాడు ఒక్కో జిప్పూ సర్రున లాగి చూపిస్తుంటాడు. కళ్లజోడుకో అర, తడిబట్టలకో అర, నీళ్ల గొట్టం బయటికి రావడానికో కన్నం. ఆ జేబుల సందడిలో వీపు సంగతి అడగడం ఎవరికి గుర్తొస్తుంది? ఖాళీగా ఉన్నప్పుడే తమరు 2 కిలోలకు పైగా తూగుతారన్న ముక్క మాత్రం ట్యాగు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

అన్నట్టు, ఆ ఐస్ యాక్స్ తగిలించుకునే ఉచ్చు ఎవరికోసమండీ? మాకు లంబసింగిలో తెల్లవారుజామున గడ్డి మీద కాస్త మంచు పేరుకుంటేనే పండగ. దానికి గొడ్డలెందుకు, చేత్తో తుడిస్తే పోతుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర. తమరినీ తీసుకెళ్లాను. రాళ్ల మీదుగా లోయలోకి దిగాలి. కొన్నిచోట్ల కొండ అంచున పక్కకి ఒదిగితేగానీ ఎదురొచ్చేవాళ్లకు దారుండదు. "వస్తున్నం లింగమయ్యా" అంటూ అవ్వలు నెత్తిన మూటలతో చకచకా దిగిపోతున్నారు. తమరేమో నా వెనక అటు జానెడు ఇటు జానెడు పొడుచుకొచ్చి, ప్రతి బండనీ పలకరిస్తున్నారు. ఓ అవ్వ ఆగి మరీ అడిగింది, "గంత సంచిల ఏం బెట్టినవ్ బిడ్డా, ఇల్లెత్తుకొచ్చినవా?" ఆమె మూట బరువు తిన్నగా వెన్నులోకి దిగుతోంది. తమరు నన్ను వెనక్కి గుంజుతున్నారు.

ఎందుకంటే తమరి నడుం పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోకుండా నా పొట్ట మీద కూర్చుంది. అది సరిగ్గా కూర్చుంటే బరువులో సింహభాగం తుంటే మోస్తుంది, భుజాలకు నామమాత్రం. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది. అక్కణ్ణుంచి తుంటి ఎముక పై అంచు ఎత్తు వరకు టేపు పెట్టి వీపు పొడవు కొలవాలి, బ్యాగు సైజు దాన్ని బట్టే. మనిషి పొడుగుతో దీనికి పనిలేదు, ఒకే ఎత్తున్న అన్నదమ్ములకే ఈ కొలత తేడా ఉండొచ్చు. తమరు మాత్రం "ఫ్రీ సైజు". అందరికీ సరిపోయే జాకెట్టు ఏ దర్జీ అయినా కుట్టాడా?

పైగా వానతొడుగొకటి. బయటంతా కప్పుతుంది, వీపు వైపు తప్ప! వాన సరిగ్గా ఆ దారినే మెడ మీదుగా జారి లోపలికి వస్తుంది. చివరికి బట్టల్ని కాపాడింది లోపల పరిచిన మందపాటి ప్లాస్టిక్ కవరే.

కాబట్టి మనవి. వచ్చే జన్మలో తమరు సగం జేబులు వదిలేసి, వీపు పొడవు సర్దుకునే వీలుతో, కాస్త గట్టి నడుం పట్టీతో పుట్టండి. షాపులో 8 కిలోలు నింపి, నాలుగంతస్తుల మెట్లెక్కించి, అప్పుడు బేరమాడతాను.

ఇట్లు,
తమరి కింద నలిగిన వీపు

తా.క.: ఛాతీ పట్టీ బకిల్లో ఉన్న ఈల మాత్రం తీసేయకండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదితే కొండల్లో అది ఆపద సంకేతం. ప్రాణం నిలిపే ఆ ఒక్క వస్తువు గురించీ కుర్రాడు నోరెత్తలేదు.