ఎకరాల లెక్కలో కూలీ ఏడీ?

జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక వచ్చి నెల తిరగకుండానే మొంథా తుపాను మీదపడింది. 2023లో దేశంలో సాగునే నమ్ముకున్న 10,786 మంది ఆత్మహత్య చేసుకుంటే, అందులో రైతులు 4,690 మంది, వ్యవసాయ కూలీలు 6,096 మంది అని ఆ నివేదిక చెప్పింది. అంతకుముందు ఏడాదీ కూలీలే ఎక్కువ. చావుల లెక్కలో ముందున్న ఈ మనిషి సాయం లెక్కలో లేడు. 2025 అక్టోబరు 28 రాత్రి తుపాను తీరం దాటాక అధికారులు చేలగట్ల మీద రాసుకున్నది ఎకరాలు. పోయిన పనిదినాలు ఎవరూ రాసుకోలేదు.

పెట్టుబడి పెట్టింది రైతు కాబట్టి పరిహారం అతనికే చెందాలన్న వాదన ఉంది. కాదనం. అతనికి అందేదీ అరకొరే. కానీ అదే చేలో నడుం వంచిన మనిషికి నష్టమే లేదన్నట్టు నడుచుకోవడం ఏం న్యాయం?

పత్తి ఏరే ఆడమనిషికి కూలి కిలో లెక్కన. వాన వదలకపోతే పత్తి చెట్టు మీదే నల్లబడుతుంది, కాయలోనే గింజ మొలకెత్తుతుంది. ఏరించినా గిట్టదని రైతు వదిలేస్తాడు. అతని చేను ఫొటో తీయడానికి వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) వస్తాడు. ఆమె సద్దిగిన్నె మూట కట్టుకుని పొద్దున్నే వెళ్లి, పని లేదనిపించుకుని తిరిగొస్తుంది. వారం వారం అప్పు వాయిదా వసూలుకొచ్చేవాడు మాత్రం వానని చూసి ఆగడు. ఇలా పది రోజులు గడిస్తే నిద్ర పడుతుందా? ఆ గుబులు ఏ రికార్డుకూ ఎక్కదు. ప్రాణం పోయాక కూడా ‘కడుపునొప్పి తాళలేక’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు.

ఎండాకాలమైనా అంతే. వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పరిహారాన్ని రూ.50 వేల నుంచి రూ.4 లక్షలకు పెంచింది తెలంగాణ, 2025 ఏప్రిల్‌లో. మంచి పని. కానీ మిట్టమధ్యాహ్నం చేలో కూలిన మనిషిని సాయంత్రానికల్లా దహనం చేసుకునే పేద ఇంటికి పోస్టుమార్టం నివేదిక ఎక్కడి నుంచి వస్తుంది? 2018లో వచ్చిన రైతుబీమాకు పట్టాదారు పాస్‌బుక్ కావాలి. భూమిలేని కూలీల కోసమే తెచ్చిన సాయం పథకం ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకూ 2023-24లో 20 రోజులు ఉపాధి హామీ పని చేసిన లెక్క చూపాలి. మళ్లీ కాగితమే! మనసు బాగోలేకపోతే 14416కు ఫోన్ చేయమని చెప్పే టెలీమానస్ ఉంది. కూలివాడల్లో ఆ నంబరు ఎంతమందికి తెలుసు? తెలిసేలా చేసిందెవరు?

ధాన్యంలో తేమ 17 శాతం దాటిందా లేదా అని కల్లాల్లో పట్టిపట్టి కొలిచే యంత్రాంగానికి, ఊళ్లో ఎంతమంది ఎన్నాళ్లు పనిలేక కూర్చున్నారో కనుక్కోవడం చేతకాదా? ఉపాధి హామీ జాబ్‌కార్డుల జాబితా పంచాయతీలోనే ఉంది. తెరిచి చూడాలన్న బుద్ధే లేదు.