అర కిలోమీటరు అవతల ఎలుగుబంటి

ముందు ఒక చిన్న లెక్క. పెద్ద సెన్సారుండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 600 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, 300 మీటర్ల దూరంలో పక్కవాటుగా నిలబడ్డ పెద్ద ధ్రువపు ఎలుగుబంటిని తీస్తే, ఫొటో వెడల్పులో దాని వాటా ఏడెనిమిదో వంతు. అదే 500 మీటర్లయితే పన్నెండో వంతు. లక్షలు పోసి స్వాల్‌బార్డ్ దాకా వెళ్లినవాడికి ఈ లెక్క మింగుడుపడదు.

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో నార్వే పాలనలో ఉన్న ఆ దీవుల్లో 2025 జనవరి 1 నుంచి అమలవుతున్న నిబంధన ఇదే. మార్చి నుంచి జూన్ దాకా ఎలుగుబంటికి 500 మీటర్ల లోపలికి వెళ్లకూడదు. మిగతా నెలల్లో 300 మీటర్లు. పొరపాటున అంతకన్నా దగ్గరగా ఉన్నామని తెలిస్తే వెనక్కి తగ్గాల్సింది మనమే. అంతకుముందూ ఎలుగుబంట్లను వెంటాడటం, ఆశపెట్టి రప్పించడం నేరమే. కానీ ఇన్ని మీటర్లని గీత ఉండేది కాదు. గీత లేనిచోట ఏమవుతుందో మన పులి సఫారీల్లో జీపుల వరస చూసినవాళ్లకు వేరే చెప్పాలా?

ఫొటోగ్రఫీకి ఇక నూకలు చెల్లినట్టేనని వాపోయేవాళ్లున్నారు. నాకలా అనిపించడం లేదు.

మార్చి, జూన్ నెలల మధ్యే ఎక్కువ దూరం ఎందుకో చూద్దాం. మంచు బొరియల్లో ఈనిన తల్లులు పిల్లలతో బయటికొచ్చే కాలం అది. నెలల తరబడి తిండి లేక చిక్కిపోయి ఉంటాయి. సరిగ్గా అప్పుడే సముద్రపు మంచు మీద సీల్‌లు పిల్లల్ని పెడతాయి. ఎలుగుబంటి ఏడాది గాసంలో ఎక్కువ భాగం సమకూర్చుకునేది ఆ కొద్ది నెలల్లోనే. సీల్ ఊపిరి తీసుకునే రంధ్రం దగ్గర గంటల కొద్దీ కదలకుండా కాపు కాస్తుంది. ఆ సమయంలో మంచు మీద నడిచే స్నోమొబైల్ బండితో చప్పుడు చేయడమంటే దాని కడుపు కొట్టడమే. ప్రమాదం మనుషులకూ ఉంది. 2018 జులైలో స్వాల్‌బార్డ్ ఉత్తరపు కొసన ఒక విహార నౌక నుంచి ఒడ్డుకు దిగిన కాపలాదారుడి మీద ఎలుగుబంటి దాడి చేసింది. అతను గాయాలతో బయటపడ్డాడు. ఎలుగుబంటిని తుపాకీతో కాల్చి చంపేశారు.

దగ్గరి ఫొటోకు ఇంకో చిక్కుంది. అది జంతువును చూపించి, దాని చుట్టూ ఉన్నదాన్ని కోసేస్తుంది. కెనడా ఆర్కిటిక్‌లో బక్కచిక్కిన ఎలుగుబంటి కాళ్లీడుస్తూ నడిచిన వీడియో 2017 డిసెంబరులో ప్రపంచమంతా తిరిగింది. వాతావరణ మార్పు అంటే ఇదీ అన్నట్టుగా నేషనల్ జియోగ్రాఫిక్ దానికి వాక్యం జోడించింది. మరుసటి ఏడాది, ఆ ఒక్క జంతువు ఆకలికి అదే కారణమని తేల్చిచెప్పి హద్దు దాటామని ఆ పత్రికే ఒప్పుకుంది. ముసలితనమో, జబ్బో, దెబ్బో, మంచు కరగడమో... ఎముకల గూడును చూసి ఎవరు చెప్పగలరు? చెప్పగలిగేవి లెక్కలు. కెనడాలోని హడ్సన్ అఖాతం పశ్చిమ తీరంలో 1987లో దాదాపు 1,185గా అంచనా వేసిన ఎలుగుబంట్లు 2021 నాటికి 618కి తగ్గాయి. ఈ సంఖ్య కన్నీళ్లు పెట్టించదు. వైరల్ కూడా కాదు.

దీనికి భిన్నమైన ఫొటో ఒకటుంది. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో ప్రజల ఓట్లతో గెలిచిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. స్వాల్‌బార్డ్ దగ్గర దట్టమైన పొగమంచులో మూడు రోజులు వెతికాక నీమా సరిఖానీ తీసింది. చిన్న మంచుకొండ మీద గుంట చేసుకుని ఒక ఎలుగుబంటి పడుకుని ఉంటుంది. అందులో కోర మెరవదు, నోరు తెరుచుకోదు. ఆ వాలు మంచును తీసేస్తే ఫొటోలో మిగిలేది నిద్రపోతున్న జంతువొక్కటే.

అయితే అన్నిచోట్లా ఒకే కొలబద్ద పెట్టమని నేననను. కెనడాలోని చర్చిల్‌లో అక్టోబరు, నవంబరు నెలల్లో ఎత్తైన చక్రాల బండ్ల పక్కకే ఎలుగుబంట్లు వస్తాయి. అవి అప్పుడు సముద్రం గడ్డకట్టడం కోసం ఎదురుచూస్తుంటాయి. వేటలో ఉండవు. చెడగొట్టడానికి అక్కడ వేటే లేదు. డ్రోన్ల సంగతి వేరు. రష్యా తూర్పు కొసన కొల్యూచిన్ దీవిలో, వదిలేసిన వాతావరణ కేంద్రం కిటికీల్లోంచి తొంగిచూసే ఎలుగుబంట్లను 2021లో ఫొటోగ్రాఫర్ దిమిత్రీ కోఖ్ చప్పుడు తక్కువ చేసే డ్రోన్‌తో తీశాడు. గొప్ప ఫొటోలే. కానీ డ్రోన్ ఉన్నవాళ్లందరికీ అంత ఓపిక ఉంటుందా? స్వాల్‌బార్డ్ రక్షిత ప్రాంతాల్లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా డ్రోన్లను నిషేధించడం అందుకే సబబు.

ఇక లెన్సు మార్చి గట్టెక్కుదామనుకునేవాళ్ల కోసం లెక్క మళ్లీ వేశాను. 800 మిల్లీమీటర్లతో 500 మీటర్ల నుంచి తీస్తే ఎలుగుబంటి ఫొటో వెడల్పులో తొమ్మిదో వంతు. మిగతా ఎనిమిది వంతులూ మంచే.