కొండ మీది బడికి ఏ కొలబద్ద?

శ్రీకాకుళం జిల్లాలో మెళియాపుట్టి, మందస కొండల మీది సవర గిరిజనుల గూడేలకు ప్రత్యామ్నాయ విద్య కొత్తేమీ కాదు. 1863లో ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకున్నారు. అందులో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన వ్యావహారిక భాషోద్యమాన్ని ఘనంగా తలుచుకుంటాం. ఆ బడుల ప్రస్తావన మాత్రం వినిపించదు.

ప్రభుత్వాలు ఈ దారిని పూర్తిగా కాదనలేదు. సర్వశిక్షా అభియాన్ కింద విద్యా హామీ కేంద్రాలు నడిచాయి. ఉమ్మడి రాష్ట్రంలో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలూ వచ్చాయి. కానీ వాటిని అసలు బడి వచ్చేదాకా సర్దుకోవలసిన ఏర్పాటుగానే చూశారు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం చదువును ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరి హక్కుగా నిలబెట్టింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే అరవై మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, ప్రహరీ, వంటగది, ఆటస్థలం తప్పనిసరి అన్న చట్టమే, మాతృభాషలో బోధన దగ్గరకు వచ్చేసరికి ‘ఆచరణ సాధ్యమైనంత వరకు’ అని సరిపెట్టింది. గోడకు ఇచ్చిన పట్టింపు భాషకు ఇవ్వలేదు. సవర పిల్లలకు నష్టం జరిగింది అక్కడే.

ఒకే గదిలో, ఒకే టీచరుతో మంచి చదువు సాధ్యమేనని మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ పల్లె బడులు చూపించాయి. అక్కడ గోడ మీద మెట్ల పటం ఉంటుంది. పిల్ల తాను ఏ మెట్టు దగ్గర ఉందో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుంటుంది. కొందరు టీచరు పక్కన, కొందరు పెద్ద పిల్లల సాయంతో, మిగతావారు సొంతంగా నేర్చుకుంటారు. పోడు పనులకో, చింతపండు ఏరడానికో వారం రోజులు బడి మానే పిల్లకు ఇంతకంటే నప్పే పద్ధతి ఏముంది? తిరిగొచ్చి, ఆగిన మెట్టు నుంచే అందుకుంటుంది. ఈ పద్ధతి స్ఫూర్తితోనే తమిళనాడు తన ప్రభుత్వ బడుల్లో కృత్యాధార బోధన తెచ్చింది.

సవర ఇంట్లో ఎలాగూ వస్తుంది, బడిలో ఇంగ్లీషు చెప్పండి అనే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. ఉద్యోగాలు ఏ భాషలో ఉన్నాయో వారికి తెలుసు. వారికి చెప్పవలసింది ఒకటే: అర్థమయ్యే భాషలో చదవడం వచ్చిన పిల్లకు తెలుగైనా, ఇంగ్లీషైనా త్వరగా పట్టుబడతాయి.

2020 జాతీయ విద్యా విధానం ప్రత్యామ్నాయ బడులకు నిబంధనలు సడలిస్తామంటోంది. నా భయమల్లా, ఆ సడలింపు కొండ మీది పిల్లలను అరకొర జీతపు వాలంటీరుకు అప్పగించే సాకుగా మారుతుందేమోనని. ప్రహరీ విషయంలో పట్టు విడవండి. సవర తెలిసిన యువతకు ఉపాధ్యాయ శిక్షణ, పూర్తి జీతం, పర్మినెంటు ఉద్యోగం ఇవ్వడంలో మాత్రం ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు), విద్యాశాఖ ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకూడదు.