వెనక్కి నడిచే మీటరు గారికి

మహారాజశ్రీ సెకండ్‌హ్యాండ్ పికప్ బండి కిలోమీటర్ల మీటరు గారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగనక్కర్లేదు. ఏడేళ్ల బండిలో కూర్చుని 62 వేల దగ్గర ఆగిపోయినవారికి క్షేమానికేం లోటు? మీ చుట్టూ ఉన్నవాళ్లంతా ముసలివాళ్లయిపోయారు. సీటు చిరిగింది, తలుపు వేలాడింది, సైలెన్సరుకు దగ్గు పట్టుకుంది. మీరు మాత్రం పిన్నవారవుతున్నారు. పాపం యయాతి మహారాజు యవ్వనం కోసం కన్నకొడుకులను బతిమాలుకోవాల్సి వచ్చింది. మీకు ఆ అవస్థ లేదు. లాప్‌టాప్ పట్టుకుని ఒక కుర్రాడొస్తాడు, డాష్‌బోర్డు కింద వైరు గుచ్చుతాడు, ఆర్డరిచ్చిన టీ వచ్చేలోపు మీ వయసు లక్షన్నర కిలోమీటర్లు తగ్గిపోతుంది. కేబుల్ మీటర్ల కాలంలో మీ పెద్దలు ఇందుకోసం ఒళ్లు విప్పించుకోవాల్సి వచ్చేది. లేదా కేబుల్ ఊడదీయించుకుని నెలల తరబడి మౌనవ్రతం పట్టేవారు. మీ తరం సుఖపడింది.

మీతో నాకు పని ఎందుకు పడిందంటే, మా మేనల్లుడు కడియం నర్సరీల నుంచి మొక్కలు తోలడానికి ఒక పికప్ కొంటానన్నాడు. కొత్తదైతే పది లక్షల దగ్గర్లో ఉంది, కిస్తీలు వాడి నడుం విరిచేలా ఉన్నాయి. "పాతదైనా పర్లేదు, గట్టిది చూసిపెట్టు మావయ్యా" అన్నాడు. సరే అని బయల్దేరాం. బొలెరో పికప్పులు, దోస్త్‌లు, ఏస్‌లు, ఎన్ని చూసినా ఒకటే తంతు. మావాడు తలుపు తీస్తాడు, కాలు లోపల పెట్టకముందే మెడ చాచి మీ దర్శనం చేసుకుంటాడు, కళ్లు మెరుస్తాయి. అమ్మేవాడు అది గమనిస్తాడు. ఆ క్షణంలోనే బేరం సగం అయిపోయినట్టే.

మీ పక్కన నిలబడి మీ ఓనరు చదివే మంత్రం మీకూ కంఠతా వచ్చేసి ఉంటుంది. "బండి పువ్వులా ఉంది సార్. రూపాయి పని లేదు. ఇంజిన్‌కి పానా పెట్టలేదు. డీజిల్ కొట్టించుకుని నడుపుకోవడమే." ఇంత మంచి బండిని ఎందుకు అమ్ముతున్నారని అడిగితే మాత్రం అందరికీ అర్జెంటుగా ఆడపిల్ల పెళ్లో, పెద్ద బండి కొనడమో ఉంటుంది.

ఒక్కసారి లెక్క వేద్దాం, మీకు లెక్కలంటే ఇష్టం కదా. ఏడేళ్లంటే 2,555 రోజులు. 62 వేలను దాంతో భాగిస్తే రోజుకు పాతిక కిలోమీటర్లు కూడా రాలేదు. కిరాయికి తిరిగే పికప్ రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగితే కిస్తీ ఎవరు కట్టారు? డ్రైవరు బత్తా ఎవరిచ్చారు? ఏటేటా ఇన్సూరెన్సు ఎక్కడినుంచి వచ్చింది? ఆ ఓనరు బండి కొన్నది ఇంటి ముందు పెట్టి గుమ్మడికాయ కొట్టుకోవడానికేమో. అదే పాల బండి రోజుకు 120 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 40 వేలు దాటుతుంది. ఏడేళ్లకు మూడు లక్షలకు ఒక అడుగు ముందో వెనకో ఉంటుంది. ఈ మాటంటే, "పల్లెటూరి బండి సార్, ఊరు దాటలేదు" అన్నారు. నేను సన్ వైజర్ కిందికి దించాను. చెన్నై కోయంబేడు మార్కెట్ పార్కింగ్ చీటీ ఒకటి ఒళ్లో పడింది.

అదైనా సర్దుకుపోయేవాణ్ణి. కానీ డ్రైవరు తలుపు తీసినప్పుడు చట్రం లోపలి వైపు ఒక చిన్న స్టిక్కరు కనబడింది. ఆయిల్ మార్చినప్పుడు షాపువాళ్లు అంటించేది. పసుప్పచ్చ కాగితం, అంచులకు మసి, మధ్యలో నీలం బాల్‌పెన్ను. "మార్చినది 2,04,310. మళ్లీ మార్చవలసినది 2,14,310." తారీఖున్న చోట ఎవరో గోటితో గీకారు, గోరు నొప్పి పుట్టిందేమో కిలోమీటర్ల దాకా రాకుండానే మానేశారు. మీ ఓనరుకు చూపించాను.

"అది వేరే బండిది సార్" అన్నాడు.

"అయితే ఈ తలుపు కూడా వేరే బండిదేనా?" అన్నాను.

ఆయన వెంటనే కాదనలేదు. కాసేపు ఆలోచించాడు. నాకు అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది.

మీటరు గారూ, మీతో వచ్చిన చిక్కేమిటంటే మీరొక్కరే చదువుకున్నవారు. మీ ఇంట్లో మిగతావాళ్లకు అంకెలు రావు, అందుకే అబద్ధం కూడా రాదు. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నబడితే నున్నగానే ఉంటుంది. కొత్త రబ్బరు వేసినా, 62 వేలకే దాన్ని ఎందుకు మార్చాల్సి వచ్చిందని అడిగితే అది తల దించుకుంటుంది. గేరు నాబ్ మీద అంకెలు చెరిగిపోయాయి. డ్రైవరు మోచెయ్యి ఆనించే కిటికీ అంచున రంగు పోయి ఇనుము తేలింది. పాతిక కిలోమీటర్ల వాడి మోచెయ్యికి అంత తీరిక ఎక్కడిది? ఇక టైర్ల పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి, అందులో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. మీరు "కంపెనీతో వచ్చిన టైర్లే" అని వంత పాడతారుగానీ, 2018 బండికి 2023 టైరు కంపెనీ నుంచి ఎలా వచ్చిందో ఆ టైరునే అడగాలి.

సరే, మీరు పరమ సత్యవంతులే అనుకుందాం. అప్పుడైనా మీరు చెప్పేది సగమే. ఎంత దూరం తిరిగిందో చెబుతారు, ఏం మోసిందో చెప్పరు. పికప్ బతుకంతా అందులోనే ఉంది. బ్రెడ్డు ప్యాకెట్లు మోసిన రెండు లక్షలు వేరు, టైల్సు మోసిన అరవై వేలు వేరు. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని మోత ముప్పావు టన్ను. మనవాళ్లు ఛోటా హాథీ అన్న ముద్దుపేరును మరీ మనసుకు పట్టించుకుని, నిజం ఏనుగుకు వేసినట్టే వేశారు. బొలెరో పికప్ అయినా టన్నూ మూడొందలో, టన్నూ ఏడొందలో అని కంపెనీ రాసిచ్చింది. ఇసుక తోలేవాడి దగ్గర ఆ కాగితం చదివే ఓపిక ఉండదు. వెనక ఇరుసు మీద బరువు మోసే కమాను కట్టలు చూడండి, కంపెనీ ఇచ్చినదానికంటే ఒకటో రెండో పట్టీలు ఎక్కువుంటే ఆ బండి ఎలాంటి ఇంట్లో కాపురం చేసిందో తెలిసిపోతుంది. లోడు లేకుండా ఖాళీగా నిలబడ్డప్పుడు కూడా ఒక పక్కకు ఒరిగిందా, ఇక వేరే సాక్షి అక్కర్లేదు.

అన్నిటికంటే నాకు భయం రొయ్యల బండ్లంటే. భీమవరం, కైకలూరు వైపు బండ్లను తక్కువ చేయడం కాదు, ఉప్పు గుణం అది. ట్రేలలో ఐసు కరిగి, ఉప్పునీళ్లు ఫ్లోరు సందుల్లోంచి ఛాసిస్ మీదికి, అంటే బండినంతా మోసే అడుగు చట్రం మీదికి, ఏళ్ల తరబడి కారుతూనే ఉంటాయి. పైన క్యాబిన్ మెరుస్తుంది, కింద ఇనుము పొరలుపొరలుగా లేస్తుంది. అమ్మే ముందు దానికి నల్ల రంగు ఒక చెయ్యి వేస్తారు. పైన పటారం, లోన లొటారం. బండి కిందికి దూరి స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూస్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్నది బొద్దుగా పలుకుతుంది. చొక్కా పాడవుతుందని మొహమాటపడితే ఛాసిస్ పాడైన బండి ఇంటికొస్తుంది. ఇంజిన్ విప్పి కట్టుకోవచ్చుగానీ ఛాసిస్ పుచ్చిపోతే కట్టేదేమీ ఉండదు.

ఇంజిన్ సంగతి కూడా విన్నవిస్తాను. మేం పొద్దున్నే ఆరున్నరకు, ఎవరికీ చెప్పకుండా వెళ్లాం. బోనెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. "ఇప్పుడే కడిగించుకొచ్చాం సార్" అన్నారు. అంత పొద్దున్నే ఎక్కడ కడిగించారో గానీ టైర్లు దుమ్ముతో పొడిగా ఉన్నాయి. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫుకు అందుకుంటుందా లేదా అన్నది కొనేవాడికి తెలియకూడదని తెల్లారకముందే దాన్ని లేపి కూర్చోబెట్టారన్నమాట. మర్నాడు మళ్లీ వెళ్లి, చల్లగా ఉండగా మేమే స్టార్ట్ చేశాం. మాతో వచ్చిన ఆటోనగర్ మేస్త్రీ ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ కన్నం మీదే పెట్టాడు. బ్యాక్ కంప్రెషన్ ఉంటే, అంటే లోపల అరిగి గాలి కిందికి తన్నుతుంటే, మూత ఎగిరెగిరి పడుతుంది. ఇది కొంచెం వణికింది, పడలేదు. సైలెన్సరులోంచి నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు, తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే హెడ్డు దగ్గర నీళ్లు దిగుతున్నాయేమో చూసుకోవాలి, నల్ల పొగైతే ఇంజెక్టర్లో, ఎయిర్ ఫిల్టరో. దీనికి మొదట కాస్త నలుపు వచ్చి తేటపడింది. కూలెంటు డబ్బాలో నూనె తెట్టు లేదు. మూడో గేరు జారలేదు. ఎత్తు మీద క్లచ్ మాత్రం కాలిన వాసన కొట్టింది. చూశారా, మీ ఇంటి పెద్దాయనకు ఆరోగ్యం బాగానే ఉంది. మీరు ఆయన వయసు దాచి ఎందుకు అవమానిస్తున్నారో నాకు అర్థం కాదు. వేళకు ఆయిల్ మార్చిన డీజిల్ ఇంజిన్‌కు రెండు లక్షలు నేరమా?

నేరం మాలో కూడా కొంత ఉందని తర్వాత తట్టింది. అదే వరసలో ఇంకో బండి ఉంది, మీటరు 1,91,000 చూపిస్తోంది. ఓనరు సర్వీసు పుస్తకం తెచ్చి ఇచ్చాడు, ప్రతి పేజీకి ముద్ర ఉంది. ఎవరూ ఆగలేదు. మెడ చాచి అంకె చూడటం, పెదవి విరిచి వెళ్లిపోవడం. నిజం చెప్పిన బండి ఎండలో ఎండుతుంటే, మీ దగ్గర జనం. మీకు సన్మానం చేస్తున్నది మేమే. అయినా ఆ బండి మావాడికి ఎందుకు చూపించలేదంటారేమో, చూపించాను. దాని పాత లోను తీరినట్టు ఫైనాన్సు కంపెనీ ఇవ్వాల్సిన ఫారం 35 ఇంకా రాలేదు. ఆర్సీలో అప్పు ఎక్కి ఉన్న బండికి ఎంత మంచి మీటరున్నా నేను దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటాను.

కాగితాల దగ్గర మాత్రం మీ పప్పులు ఉడకవు, ఆ సంతోషం నాకుంది. ఎనిమిదేళ్లలోపు రవాణా బండికి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. 3,000 కిలోల మొత్తం బరువు దాటని గూడ్సు బండికి పర్మిట్ అక్కర్లేదు గానీ ఫిట్‌నెస్ తప్పదు. ఛాసిస్ నంబరు పెన్సిలుతో కాగితం మీద రుద్ది ఆర్సీతో పోల్చాం. చలాన్లు చూశాం. ఇక బండి పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి పేరు మార్చుకోకుండా "తర్వాత చూద్దాంలే" అన్నవాళ్లకు 2018లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, యాక్సిడెంటు అయితే పరిహారం బాధ్యత వాళ్లదే. ఈ తీర్పు అమ్మేవాణ్ణి భయపెట్టాలి. మీ ఓనరు ఇంకా వినలేదనుకుంటాను, ఆయన ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి కట్టగా ఉంచుకున్నాడు.

మీకు అమెరికాలో బంధువులుంటే అడగండి. అక్కడ మిమ్మల్ని వెనక్కి తిప్పడం మీద 1972లోనే కేంద్ర చట్టం వచ్చింది, బండి చేతులు మారేటప్పుడు మీ అంకె కాగితం మీద రాసి సంతకం పెట్టే పద్ధతి పెట్టారు. మన దగ్గర పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది. మీ మీద మోసం కేసు పెట్టుకోవచ్చు కూడా. కాకపోతే నిరూపించే భారం కొన్నవాడిది, వాడేమో అప్పటికి టమోటా లోడుతో మదనపల్లె రోడ్డు మీద ఉంటాడు.

కనుక కోర్టు జోలికి పోకుండా బేరంలోనే తేల్చుకుంటున్నాను. 62 వేలు తిరిగిన బండికని మీ ఓనరు చెప్పిన ధర విన్నాను. స్టిక్కరు చెప్పిన రెండు లక్షల పైచిలుకుకు నేను ధర కట్టాను. అందులోంచి క్లచ్ ప్లేటు, వెనక కమాను కట్టలు, రెండు టైర్లు తీసేశాను. మేస్త్రీకి ఇచ్చిన కూలి కూడా తీసేద్దామనుకున్నాను, మేనల్లుడు వద్దన్నాడు. ఆ అంకె వినగానే మీ ఓనరు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, ఆదివారం దాకా ఆలోచించుకుంటానన్నాడు. ఈలోగా ఆ కుర్రాడు మళ్లీ లాప్‌టాప్ పట్టుకుని వస్తాడేమోనని మీదీ స్టిక్కరుదీ కలిపి ఒక ఫోటో తీసి పెట్టుకున్నాను.

ఇట్లు,
బండి కింద దూరి చొక్కా పాడుచేసుకున్న
ఒక మేనమామ

తా.క.: మీ పక్కనే ఉండే స్పీడు ముల్లు, బండి ఆగి ఉన్నా ఇరవై మీదే నిలబడి ఉంది. మీ సావాసమే అనుకుంటాను.