పట్వారీ బెరీలియం-10 గారికి, గుట్ట కింది రైతు విన్నపం

అయ్యా,

దేవరకొండ దిక్కున ఒక గుట్ట కింది ఊరి నుంచి రాసుకునేది ఏమనగా, మా ఊళ్ళో పట్వారీలు 1980ల్లోనే పోయారు. గుట్ట బండల్లోనే పుట్టి, అవి ఎంత అరిగాయో లెక్క చెప్పే అణువులు మీరు; గుట్ట మీద మీ పట్వారీగిరీ మాత్రం ఇంకా నడుస్తోందని మొన్న ఎండాకాలంలో తెలిసింది.

ఒక పరిశోధక విద్యార్థి వచ్చి దారి చూపమంటే వెంట వెళ్ళాను. పైనుంచి మట్టి జారిపడని చోటు, ఆకాశం బాగా తెరిచి ఉన్న చోటు వెతికి, గుట్ట నెత్తి మీద ఒక బండను ఎంచుకున్నాడు. చుట్టూ ఉన్న గుట్టలు ఎంత ఆకాశాన్ని కప్పుతున్నాయో కొలిచి రాసుకున్నాడు. ఆ తర్వాత ఉలి, సుత్తె. అరగంట టంగు టంగుమనిపిస్తే రెండు వేళ్ళ మందం పెచ్చు లేచింది. సంచిలో వేసి మార్కరుతో నెంబరు రాశాడు. మేకలు కాసే ముసలమ్మ వచ్చి "బంగారమున్నదా బిడ్డా?" అంది. "లేదమ్మా, గుట్ట ఎంత అరిగిందో చూస్తున్నం" అన్నాడు. "గుట్ట అరుగుడేంది? నా చెప్పులరిగినయ్ గానీ" అనుకుంటూ మేకల వెనక పోయింది.

దిగేటప్పుడు మీ సంగతంతా అతనే చెప్పాడు. అంతరిక్షం నుంచి విశ్వకిరణాలు వచ్చి పలుగురాయిలోని ఆక్సిజన్‌ను పగలగొడితే మీరు పుడతారట. గ్రాముకు ఏడాదికి నాలుగైదు అణువులు. అది కూడా ధ్రువాల వైపు, సముద్రమట్టం దగ్గర. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి మీ రాబడి పెరుగుతుంది, మా వైపు భూమి అయస్కాంతం అడ్డుపడి తగ్గుతుంది. బండలో 60 సెంటీమీటర్లు దిగితే ఆ రాబడి మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. అందుకే తొందరగా అరిగే బండలో కూడబెట్టుకునే టైం మీకు దొరకదు, నిమ్మళంగా అరిగే బండలో దండిగా ఉంటారు. అంటే మీరు తక్కువుంటే అరుగుదల ఎక్కువ. ఈ తిరకాసు లెక్కను 1991లో సూత్రాలతో విప్పి చెప్పింది మన దేశపు శాస్త్రవేత్త దేవేంద్ర లాల్ గారే.

ప్రపంచమంతటి బోడిబండల లెక్కలు 2011లో పోగేస్తే, మధ్యస్థంగా పది లక్షల ఏళ్ళకు 5.4 మీటర్లు అరుగుతున్నాయని తేలిందట. ఆ లెక్కన కాకతీయుల నాటి నుంచి నేటికి ఒక జొన్నరొట్టె మందం.

ఇప్పుడు నా ఫిర్యాదు. గుట్టకు అవతలి పక్క బండను కంకర కొట్టే క్రషర్ ఉంది. ఆరు మీటర్ల బండను అన్నం తిన్నాక పేల్చి, చాయ్‌కి ముందే టిప్పర్లకెత్తడం మొదలుపెడతారు. మీ లెక్కలో పది లక్షల ఏళ్ళకు పైబడ్డ పని! అక్కడ బయటపడ్డ కొత్త రాతిలో మీరు దాదాపు ఉండరు. దాన్ని సూత్రంలో పెడితే మా గుట్ట హిమాలయాల కంటే స్పీడుగా అరుగుతున్నట్టు వస్తుంది. అందుకే పిల్లగాడు "అటు వద్దన్నా, శాంపిల్ పనికిరాదు" అన్నాడు.

పోనీ ఎవరూ ముట్టని నెత్తి మీది బండనైనా అడుగుదామంటే, మీరిచ్చేది లక్ష ఏళ్ళ సగటు. అందులో క్రషర్ పదేళ్ళు ఏ మూలకు? ఇదేం నిజాయితీ సారూ! పైసా లంచం ముట్టరు, నిన్నటి దొంగతనం గురించి అడిగితే లక్ష ఏళ్ళ పద్దు తీసి ముందు పెడతారు. మీ రికార్డు సగం చెరగాలంటే దాదాపు 14 లక్షల ఏళ్ళు పడుతుందట. నా పాస్‌బుక్ ఫైలు ఆఫీసులో పదేళ్ళకే దొరకకుండా పోయింది. మీ బీరువా తాళాలు కొన్నాళ్ళు ఆ ఆఫీసు వాళ్ళకిచ్చినా బాగుండు.

పెచ్చు పట్నం పోయింది. అక్కడ దాన్ని పొడిచేసి, జల్లెడ పట్టి, యాసిడ్‌లో కడిగి, పలుగురాయి మాత్రం మిగిల్చి, మిమ్మల్ని మెషీన్‌లో ఒక్కొక్కరుగా లెక్కిస్తారట. జవాబు వచ్చేదాకా గుట్ట ఉంటే చెబుతా.

ఇట్లు,
మీ గుట్ట కింది రైతు

తా.క.: ఒకటి దాచిపెట్టాను. మూడేళ్ళ కింద మా ఇంటి స్లాబుకు వేసిన ఇరవై ఎంఎం కంకర ఆ క్రషర్‌దే. మేడ మీద సిమెంటు లేచిపోయిన చోట పలుగురాయి మెరుస్తుంటుంది. పైన ఆకాశం తప్ప అడ్డేమీ లేదు. ఆ లెక్కన గ్రాముకు పది అణువులైనా చేరి ఉంటారు.