సూచనే కదేటి!

ఆంధ్ర సరిహద్దు దాటగానే ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి పక్కన ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. పేరు చెప్పను. చెబితే హెడ్మాస్టరుగారు పిలిపించి టీ ఇప్పిస్తారు. ఆ టీ ఒకసారి తాగాను, రెండోసారి తాగే వయసు కాదు నాది. ఆ బడికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. మనవరాలు మూడో తరగతి కాబట్టి అందులో నేనూ సభ్యుణ్ణి. రెండేళ్లుగా ఆ గ్రూపును శ్రద్ధగా పరిశీలించి, పెద్ద పెద్ద విద్యావేత్తలకు అందని సంగతి ఒకటి కనిపెట్టాను. బడి పంపే కబురు ఏ ఇంట్లోనూ అమలు కాకపోవడానికి కారణం తల్లిదండ్రుల బద్ధకం కాదు. భాషాశాస్త్రం.

ప్రతి కబురు పైనా గురుమా (ఇక్కడ టీచరమ్మను అలాగే అంటాం) ఒడియాలో "సూచనా" అని రాస్తుంది. ఒడియాలో ఆ మాటకు ప్రకటన అని అర్థం. మనకో? సూచన అంటే ఉచిత సలహా. వింటే వినొచ్చు, లేదంటే లేదు. "పిల్లల ఆధార్ జిరాక్సు రేపు తప్పక తేవలెను" అని గురుమా శాసనం జారీ చేస్తే, అది మా వీధికి వచ్చేసరికి "తెస్తే బాగుంటుందేమో, చూడండి" అయిపోతుంది. నలభై ఇళ్ల నుంచి నలభై బొటనవేళ్లు లేస్తాయి. జిరాక్సులు ఎనిమిది వస్తాయి. ఇదేమిటని అడిగితే మా పక్కింటావిడ పాపం, ఏ కల్మషమూ లేకుండా అంటుంది: "సూచనే కదేటి గురూమా!"

తప్పు ఆవిడది కాదు. అసలు గొడవ గేటు దగ్గరే మొదలవుతుంది. ఒడియాలో శిక్ష అంటే చదువు. అంచేత టీచరు శిక్షకుడు, హెడ్మాస్టరు ప్రధాన శిక్షకుడు. ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి మా వీధికి కోడలై వచ్చిన అమ్మాయి కొడుకుని బడిలో వేద్దామని వెళ్లింది. ఆఫీసు గది మీద "ప్రధాన శిక్షక" అని రాసి ఉందని ఎవరో చదివి వినిపించారు. పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చిన దారినే ఇంటికొచ్చేసింది. ప్రాథమిక శిక్షే ఇలా బోర్డు కట్టి వేస్తే ఉన్నత శిక్ష మాటేమిటని ఆమె బెంగ. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చిందనీ, దాని 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మనసు బాధపెట్టకూడదనీ నేను ధైర్యం చెప్పాను. అంతా విని, "అలాగైతే ఆ శిక్షకుడు జీతం దేనికి తీసుకుంటున్నాడు మావయ్యా?" అంది. చట్టం మొత్తం తిరగేశాను. ఎక్కడా జవాబు లేదు.

ఇక అక్షరాల సంగతి. ఒడియా నోట్లో మన "వ" నిలవదు, "బ" అయిపోతుంది. ఆధార్‌లో వరలక్ష్మి బడి రిజిస్టరులో బరలక్ష్మి. రెండూ ఒకరేనని రుజువు చేయడానికి వాళ్ల నాన్న ఒక పూట కూలి పోగొట్టుకున్నాడు. దాంతో మా వీధికి ఒక సూత్రం పట్టుబడింది: బడి నుంచి ఏ మాట వచ్చినా "బ" తీసి "వ" పెట్టుకుంటే తెలుగు వచ్చేస్తుంది. ఈ సూత్రం ఎంత పని చేసిందో చివర్లో చెబుతాను.

గ్రూపులో కబురు ఒడియా లిపిలో వస్తుంది. మా వీధి తల్లుల్లో సగం మంది చదివింది తెలుగు బడిలో. అంచేత పిల్లలే చదివి చెప్పాలి. అంటే, హోంవర్కు చేయని పిల్లాడి మీద వచ్చిన ఫిర్యాదును ఆ పిల్లాడే అనువదిస్తాడు. ఏ కోర్టులోనూ ముద్దాయి చేత తీర్పు చదివించరు. మా మనవరాలు లెక్కల్లో వెనకబడిందనీ, ఇంట్లో రోజూ ఎక్కాలు అప్పజెప్పించుకోమనీ గురుమా ఏడు వరుసలు రాస్తే, పిల్ల దాన్ని గంభీరంగా కళ్లతో తడిమి "రేపు గుడ్డు" అని తేల్చేసింది.

గుడ్డు మాత్రం సూచన కాదు, దైవాజ్ఞ. మధ్యాహ్న భోజనానికి 2021లో పీఎం పోషణ్ అని కొత్త పేరు పెట్టారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని లెక్క కట్టారు. ఒడిశా బడుల్లో వారానికి రెండు రోజులు గుడ్డు కూర. ఆ రెండు రోజులూ మా ఊళ్లో ఎవరికీ జ్వరం రాదు, ఏ మేనమామకూ పెళ్లి కాదు, ఏ సైకిలూ పంక్చరవదు. దాల్మా (పప్పూ కూరగాయలూ కలిపి వండేది) రోజున మాత్రం అన్నీ కలిసికట్టుగా జరుగుతాయి. ఇది గమనించి, పేరెంట్స్ మీటింగు గుడ్డు రోజున పెడితే బాగుంటుందని ఒక కాగితం రాసి, పైన "సూచన" అని పెట్టి గురుమాకి ఇచ్చాను. నాకు అది సలహా. ఆవిడకు అది ప్రకటన. ఫొటో తీసి గ్రూపులో పెట్టేసింది. ఆ రోజు ముప్ఫై మంది తల్లిదండ్రులు వచ్చారు, బడి చరిత్రలో రికార్డు. అందరూ కంచాలు తెచ్చుకున్నారు.

ఒడియాలో "కాలి" అని ఇంకో మాటుంది. దానికి నిన్న అనీ అర్థమే, రేపు అనీ అర్థమే. కాగితం మీద ముందొక ముక్క తగిలించి తేడా చూపిస్తారు గానీ, వాయిస్ మెసేజిలో అంత ఓపిక ఎవరికి? ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో పిల్లలకు నులిపురుగుల మాత్ర ఇస్తారు. "కాలి మాత్ర ఇస్తాం, పిల్లల్ని తప్పక పంపండి" అని గురుమా గొంతు వినిపించింది. సగం ఇళ్లు నిన్ననే అయిపోయిందిలే అని ఊపిరి పీల్చుకున్నాయి. మిగతా సగం అది కాలికి వేసే మాత్ర అనుకుని, మా వాడికి కాళ్లు బాగానే ఉన్నాయని పంపలేదు. ఆ రోజు రాని పిల్లల కోసం వారం తర్వాత 17న మళ్లీ ఇస్తారు. ఢిల్లీలో కూర్చుని ఆ ఏర్పాటు చేసిన పెద్దమనిషెవరో మా వీధిని చూసే ఉంటాడు.

ఈ ఊళ్లోనే రాజావారి బడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పారు. బడి భాష జనం మాట్లాడే భాష కావాలని జన్మంతా పోట్లాడారు. సవర పిల్లలకు చదువు చెప్పడానికి తానే కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరితే, ఇక్కడ ఉండలేక రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. కారణం రాష్ట్రాల విభజన అని చరిత్రకారులు రాశారు. మా గ్రూపు ఆయనకు ముందుగానే కలలో కనిపించి ఉంటుందని నా అనుమానం. (ఈ మాట గురుమా దగ్గర అనకండి. ఒడియాలో అనుమానమంటే అంచనా. నేనేదో లెక్క కట్టి తేల్చానని నమ్మేస్తుంది.)

మొన్న నెలాఖరున వచ్చింది అసలు కబురు. "ప్రధాన శిక్షకంక అబసర గ్రహణ" అని మా మనవరాలు గట్టిగా చదివింది. హెడ్మాస్టరుగారు రిటైరవుతున్నారు, వీడ్కోలు సభకు అందరూ రండి అని దాని అర్థం. మా వీధి తన సూత్రాన్ని బయటకు తీసింది. "బ" తీసి "వ" పెట్టింది. అవసరం! పాపం సారుకి ఏదో అవసరం వచ్చింది. ఏమొచ్చిందో గానీ, పైగా గ్రహణం కూడాను. మంచివాడు, ఇన్నేళ్లు పిల్లల్ని చూసుకున్నాడు, ఊరుకుంటామా? ఒకరు గుమ్మడికాయ, ఒకరు అడ్డెడు బియ్యం, పాతపట్నం కోడలు వంద రూపాయల నోటు పట్టుకుని బయల్దేరారు. కడుపుతో ఉన్న ఇద్దరిని గది దాటవద్దని కట్టడి చేసి మరీ వచ్చారు.

సభలో బల్ల మీద పూలదండ, శాలువా, స్వీట్లు సర్దిపెట్టారు. హెడ్మాస్టరుగారు వచ్చి కూర్చుని, దండ వైపు చూసి ఆగిపోయారు. దండ మీద ఒక దర్భ పోచ. స్వీట్ల పళ్లెం మీద ఇంకోటి. మూలనున్న మంచినీళ్ల కుండ మీద మూడు. ఇదేమిటన్నట్టు మా పక్కింటావిడ వైపు చూశారు.

"గ్రహణం కదేటి సార్," అంది ఆవిడ.

ఆయన పుట్టుకతో ఒడియా మనిషి. మా మధ్య ముప్ఫై ఏళ్లు బతికారు. గుమ్మడికాయ కేసి, బియ్యం కేసి, దర్భల కేసి కాసేపు చూసి, మెడలో దండ తానే వేసుకుని, చక్కటి తెలుగులో అన్నారు:

"ఐదింటికి విడుస్తుందమ్మా. స్నానాలు చేసి భోంచెయ్యండి."