బొమ్మ ముందు, కథ తర్వాత

పిల్లలు మారాం చేసి వస్తువులు కొనిపించుకుంటున్నారంటే తప్పంతా పెంపకానిదేనని తేల్చేయడం మనకు అలవాటైపోయింది. ఇది అన్యాయం. ఆ కోరికను నాటింది తల్లిదండ్రులు కాదు, పిల్లలు ప్రాణంగా ప్రేమించే కథలు.

టీవీలో ప్రకటన వచ్చిన తొలి బొమ్మ మిస్టర్ పొటాటో హెడ్. అది 1952 నాటి మాట. అప్పటికింకా కార్యక్రమం వేరు, ప్రకటన వేరు. 1980ల్లో ఆ గీత చెరిగిపోయింది. హీ-మ్యాన్ బొమ్మలు 1982లో అమ్మకానికి వచ్చాయి, వాటి కార్టూన్ సీరియల్ 1983లో వచ్చింది. అంటే బొమ్మ ముందు, కథ తర్వాత.

వాహనాలుగా మారే రోబో బొమ్మలు ట్రాన్స్‌ఫార్మర్స్ సంగతి ఇంకా దారుణం. 1986 నాటి సినిమాలో నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ను చంపేశారు. కథ కోరుకున్న చావు కాదది. పాత బొమ్మలను తప్పించి కొత్తవాటికి చోటు చేయాలి, అంతే. పిల్లలు తల్లడిల్లారు, తల్లిదండ్రులు మండిపడ్డారు, 1987లో అతన్ని మళ్లీ బతికించారు. పసివాళ్ల దుఃఖం కూడా సరుకుల జాబితాలో ఒక పద్దు అయిందన్నమాట!

ఇప్పుడు అమ్ముతున్నది బొమ్మను కూడా కాదు, లోటును. లోపల ఏముందో తెలియని ప్యాకెట్ విప్పుతున్న పిల్లను గమనించండి. బొమ్మతో పాటు ఒక కాగితం ఉంటుంది, దాని మీద మొత్తం సెట్ ఫొటోలు. ఆ పిల్ల చేతిలోని బొమ్మను చూడదు, కాగితంలో ఇంకా రానివి లెక్కపెడుతుంది. ఉన్నదే మళ్లీ వస్తే ముఖం మాడిపోతుంది. ఎంత కొన్నా ఇంకేదో తక్కువే అన్న పాఠం ఐదారేళ్లకే ఒంటబడుతుంది. పెద్దయ్యాక బాగా పనిచేస్తున్న ఫోన్‌ను మార్చేయాలనిపించేది ఈ పాఠం వల్లే.

పిల్లలు మరీ అంత అమాయకులు కారనీ, కొన్న బొమ్మలతో సొంత కథలు అల్లుకుంటారనీ, వద్దనే హక్కు పెద్దలకు ఎలాగూ ఉందనీ కొందరంటారు. అల్లుకుంటారు, నిజమే. కానీ ప్రకటన తమను ఒప్పించడానికే వచ్చిందన్న ఎరుక ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఉండదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నిపుణుల బృందం 2004లోనే చెప్పింది. ఇష్టమైన హీరోయే ప్రకటన అయినప్పుడు ఇంకేం పోల్చుకుంటారు?

అసలు గొడవ బొమ్మలతో ఆగదు. సమాజం తేల్చాల్సిన ప్రతి సమస్యనూ కుటుంబం నెత్తిన పడేసి, ‘మీరే జాగ్రత్తపడండి’ అని ప్రభుత్వాలు తప్పుకుంటున్నాయి. చిన్నపిల్లలకు గురిపెట్టిన టీవీ ప్రకటనలను నిషేధించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1978లో ప్రతిపాదిస్తే, 1980లో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసి ఆ కమిషన్ చేతులే కట్టేసింది. కార్పొరేట్ల ఒత్తిడికి లొంగడమంటే అదే. తర్వాతి భారమంతా సాయంత్రం అలసిపోయి ఇంటికొచ్చి, ఏడుస్తున్న బిడ్డకు ‘వద్దు’ అని చెప్పాల్సిన తల్లి మీద పడింది.

అదే 1980లో కెనడాలోని క్యూబెక్ 13 ఏళ్ల లోపు పిల్లలకు వాణిజ్య ప్రకటనలను నిషేధించింది. ఒక బొమ్మల కంపెనీ కోర్టుకెక్కితే, 1989లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే సమర్థించింది. ఆ పని ఇప్పుడు అన్ని దేశాలూ చేయాలి. బొమ్మల ప్యాకెట్లు విప్పి చూపించే వీడియోలనూ, వీడియో గేముల్లో లోపల ఏముందో చెప్పకుండా డబ్బు గుంజే డబ్బాలనూ (లూట్ బాక్సులు) కూడా ఆ నిషేధం కిందికి తేవాలి.